మూడోది పడుకుందా?

“పదో నంబరు స్పానరు నాదా, ఆయనదా? కాస్త అడిగి చెప్పమ్మా.”

అక్క షెడ్డు నేల మీద పాత దుప్పటి పరిచి తన పనిముట్లు ఒక్కొక్కటే దాని మీద పేరుస్తోంది. నాన్న ఆమెకు నాలుగడుగుల దూరంలో, నర్సమ్మగారి కారు ముందు ముక్కాలిపీట మీద కూర్చుని, తెరిచి ఉన్న ఇంజన్‌లోకి చూస్తున్నాడు. వంటింట్లోంచి షెడ్డులోకి వచ్చే గుమ్మంలో అమ్మ గరిటె పట్టుకుని నిలబడింది.

“అన్నీ తనవే అని చెప్పు,” అన్నాడు నాన్న అమ్మతో. “షెడ్డు తలుపు కూడా ఊడదీసి పట్టుకుపొమ్మను.”

“తలుపు అక్కర్లేదని చెప్పు. బస్సు డిపోలో తలుపులుంటాయి.”

“నేను మనిషినా, తపాలా పెట్టెనా?” అంది అమ్మ. “నిన్న మధ్యాహ్నం నుంచి ఈయన మాట దానికీ, దాని మాట ఈయనకీ మోస్తున్నాను. ఈ మోతలో పొయ్యి మీద అన్నం మాడింది. మాడింది ఇద్దరికీ సగం సగం పెడతాను. అది మాత్రం నీదా నాదా అనుకోకుండా తినండి.”

ఎవరూ నవ్వలేదు. మామూలు రోజైతే నాన్న ముందు నవ్వేవాడు. ఆయన నవ్వు ఆపుకోలేకపోవడం చూసి అక్క నవ్వేది.

నేను వంటింటి కిటికీ దగ్గర చెల్లికి జడ వేస్తున్నాను. ఆ కిటికీ షెడ్డులోకే తెరుచుకుంటుంది.

“అక్కా, నొప్పి,” అంది చెల్లి. జుట్టు ఎంత గట్టిగా లాగానో అప్పుడు తెలిసింది.

జరిగింది ఇంట్లో అందరికీ సగం సగం తెలుసు. మొత్తం తెలిసింది నాకొక్కదానికే.

నాన్న ఇంజన్లలో మసి తీసే మేస్త్రి. బండి నడిచిన కొద్దీ, గాలి లోపలికి వెళ్లే దారిలో, వాల్వుల మీద మసి పెచ్చులు కడుతుంది. పొద్దున్నే బండి దగ్గుతుంది, ఎత్తు ఎక్కలేక ఆయాసపడుతుంది. అప్పుడు మా షెడ్డుకి తెస్తారు. అక్రోటు పెంకుల్ని రవ్వలా ఆడించిన పొడిని కంప్రెసర్ గాలితో ఆ దారిలోకి కొడితే పెచ్చు రాలుతుంది. పక్కనే ఇంకో గొట్టం రాలిన మసినీ, కొట్టిన రవ్వనీ పీల్చేస్తుంది.

ఇందులో ఇంజన్ ప్రాణం మీదకు వచ్చే సంగతి ఒక్కటే ఉంది. ఏ సిలిండరు దారిలో కొడుతున్నామో దాని వాల్వులు పూర్తిగా మూసి ఉండాలి. సందు ఉంటే రవ్వ ఇంజన్ లోపలికి పోతుంది. అందుకే ఇది ఇద్దరు చేసే పని. ఒకరు ఇంజన్ ముందున్న పుల్లీ చక్రాన్ని పొడవాటి పానాతో తిప్పి వాల్వులు మూస్తారు. ఇంకొకరు అడిగి, జవాబు విని, రవ్వ కొట్టే గన్ను నొక్కుతారు.

మా షెడ్డులో వాల్వు మూసి ఉంటే ‘పడుకుంది’ అంటారు. తెరిచి ఉంటే ‘లేచి ఉంది’. అక్క చిన్నప్పుడు పెట్టిన మాటలవి. నాన్నకు ముద్దొచ్చి అలాగే ఉంచేశాడు. అంతటితో ఆగకుండా ఇంట్లో మమ్మల్ని కూడా ఒకటోది, రెండోది, మూడోది అని పిలవడం మొదలుపెట్టాడు. నాలుగోది లేదేమని ఎవరో అడిగితే, “మూడు సిలిండర్ల బండికే నా ఒళ్లు హూనమైంది,” అంది అమ్మ.

నిన్న మధ్యాహ్నం చెల్లి కదిలే పన్ను పట్టుకుని ఏడ్చి ఏడ్చి అలిసిపోయింది. మిషను నడిచేటప్పుడు అది షెడ్డులోకి రాకూడదని అమ్మ కట్టడి. అక్క ముసుగు తొడుక్కుంటూ, “మూడోదాన్ని పడుకోబెట్టు, మొదలుపెడుతున్నాం,” అని నాతో చెప్పింది. నేను పడుకోబెట్టి కిటికీ దగ్గరికి వచ్చాను. అప్పటికి ఒకటో, రెండో సిలిండర్లు అయిపోయాయి. కంప్రెసర్ బుసలు కొడుతోంది. అక్క నాకు వీపు పెట్టి ఇంజన్ మీదకు వంగి ఉంది.

“మూడోది పడుకుందా?” అని కేకేసింది.

“పడుకుంది,” అన్నాను.

బడిలో హాజరు పలికితే నా గొంతు పక్క బెంచీ దాటదు. ఆ చప్పుడులో వినపడదేమోనని నిన్న ఎన్నడూ లేనంత గట్టిగా అన్నాను. నా మాట మొదటిసారి ఒకరికి సరిగ్గా వినపడింది, అదీ ఇలాంటి చోట.

చెవులు కప్పే ముసుగులో గొంతు ఎవరిదో తెలియక అక్క గన్ను నొక్కింది. కాసేపటికి నాన్న బయటి నుంచి వచ్చి, “ఆపు, ఆపు. మూడోదాన్ని నేనింకా తిప్పనే లేదు,” అన్నాడు.

“నువ్వే కదా పడుకుందన్నావు.”

“నేను షెడ్డులోనే లేనే. నీళ్లు తాగడానికి వెళ్లాను.”

“అన్నావు నాన్నా. ఈ చెవులతో విన్నాను.”

నాన్న కంప్రెసర్ ఆపాడు. తర్వాత మెల్లగా అన్నాడు. ఆయన అరిచి ఉంటే బాగుండేదని అక్క ముఖం చూస్తే అనిపించింది.

“తప్పు ఎవరైనా చేస్తారు. చేసిన తప్పుకి లేని మాట కల్పించకూడదు. గ్లవ్స్ తీసి మేకుకి తగిలించు. ఇక ముట్టుకోకు.”

రెండేళ్లు నేర్చుకున్న పని. ఆ గ్లవ్స్ నిన్నటి నుంచి మేకుకే వేలాడుతున్నాయి, గాల్లో ఎవరో చేతులు చాచినట్టు.

చెబుదామని నేను నోరు తెరవకపోలేదు. నిన్న భోజనాల దగ్గర తెరిచాను. అమ్మ చూసి, “ఆవలింతలొస్తున్నాయి, పోయి పడుకో,” అంది.

*

పది గంటలకు నర్సమ్మగారు సంచీ భుజాన వేసుకుని నడిచి వచ్చారు. మంచం దిగలేని వాళ్ల ఇళ్లకు వెళ్లి కట్లు మార్చడం ఆవిడ పని. కారు లేని నిన్న ఒక్క రోజుకే ఆవిడ చెప్పులు అరిగినట్టు నడుస్తున్నారు.

“ఏం మేస్త్రిగారూ, నా రోగి లేచి కూర్చుందా?”

నాన్న పీట మీంచి లేచాడు. తల గోక్కోలేదు, నసగలేదు.

“మూడో సిలిండర్లోకి రవ్వ పోయిందండీ. నా షెడ్డులో జరిగింది కాబట్టి తప్పు నాది. ఇవాళ విప్పి చూస్తాను. లోపల గీత పడి ఉంటే పూర్తిగా విప్పి బాగుచేసే దాకా మీ కారు ఇక్కడే ఉంటుంది.”

“అంటే ఆపరేషను చేసి లోపల కత్తెర మర్చిపోయారన్నమాట.”

“అలాంటిదే.”

“సాయంత్రం నాలుగింటికి ఒక ముసలాయనకి కట్టు మార్చాలి. ఆయన నన్ను తప్ప ఎవరినీ ముట్టుకోనివ్వడు. నన్ను కూడా తిడుతూనే ముట్టుకోనిస్తాడు.” ఆవిడ నేల మీది దుప్పటి చూశారు, అక్కను చూశారు. “ఈ మూట ఏమిటి?”

“డిపోలో పనికి వెళ్తున్నానండీ,” అంది అక్క.

“ఇవాళేనా?”

“మీ కారు అయ్యాక. నా చేత్తో మొదలైంది. నా చేత్తోనే అవ్వాలి.” ఆ మాట నర్సమ్మగారికి చెబుతూనే నాన్నకు వినపడేలా అంది.

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ గరిటె ఊపింది. “నా వైపు చూడకండి. తపాలా కట్టేశాను.”

నాన్న ఇంజన్ లోపలికి దించి చూసే కెమెరా తీగను కాలితో అక్క వైపు కొంచెం జరిపాడు. ‘కానీ’ అనడం ఆయన భాషలో అదే.

స్పార్క్ ప్లగ్గు తీశారు. ఆ బొక్కలోంచి కెమెరా తీగ లోపలికి దించారు. దీపం పట్టుకోమని నన్ను పిలిచారు. నేను దీపం ఎత్తి పట్టుకున్నాను.

“తాళం పెట్టి ఇంజన్ తిప్పారా ఎవరైనా?” అని నాన్న అడిగాడు. ఎవరి వైపూ చూడలేదు. “నిన్నటి నుంచి ఒక్కసారైనా?”

అక్క తల అడ్డంగా ఊపింది.

“ఎలా తిప్పుతారు?” అంది అమ్మ, బొడ్లోంచి తాళం తీసి చూపిస్తూ. “మీరిద్దరూ మాటా మాటా అనుకుంటుంటే ముందు ఇదే లాక్కున్నాను. కోపంలో ఎవరు ఏం తిప్పుతారో ఎవరికి తెలుసు.”

నాన్న భుజాలు రెండంగుళాలు కిందికి దిగాయి. ఇంజన్ తిరగకపోతే రవ్వ పడ్డచోటే ఉంటుంది. గోడలకు రాసుకోదు.

చిన్న తెర మీద పిస్టన్ నెత్తి కనపడింది. గుండ్రంగా, నల్లగా, అడుగంటిన మూకుడులా ఉంది. దాని మీద గోధుమరంగు గింజలు.

“ఒకటి, రెండు…” అక్క పెదాలతో లెక్కపెట్టింది. “పధ్నాలుగు. అంతే.”

నాన్న తీగను పక్కలకు తిప్పించి చూశాడు. మళ్లీ చూశాడు. “నిన్న రెండోది మూసిన చోటే ఇంజన్ ఆగి ఉంది. అక్కడ మూడోది కోడికునుకులో ఉంటుంది. పూర్తిగా లేవదు. సందు వెంట్రుకంతే.”

ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. కానీ అక్క మాటకు అమ్మ ద్వారా కాకుండా వచ్చిన మొదటి జవాబు అదే.

అక్క సన్నటి గొట్టం దించి పీల్చింది. గింజలు ఒక్కొక్కటే ఎగిరి గొట్టంలో టిక్కుమన్నాయి. కెమెరా దించి చూశారు. గాలి సన్నగా ఊది, మళ్లీ పీల్చి, మళ్లీ చూశారు. అంచున ఒక్కటి ఇరుక్కుంది. దాన్ని గాలీ కదపలేదు, గొట్టమూ పీల్చలేదు. అక్క సన్నటి తీగ కొసకి గ్రీజు అద్ది, ఊపిరి బిగబట్టి దించింది. తీగ పైకి వచ్చినప్పుడు దాని కొసన ఆ గింజ అంటుకుని ఉంది.

నర్సమ్మగారు కళ్లజోడు సవరించుకుని చూశారు. “మా డాక్టరు కూడా ఇంత నిదానంగా ముల్లు తియ్యడు.”

నాన్న పానాతో ఇంజన్‌ని చేత్తోనే రెండు చుట్లు తిప్పి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. కరకర లేదు. కెమెరా ఇంకోసారి దించారు. గోడలు నున్నగా, గీత లేకుండా మెరిశాయి.

“బతికింది,” అన్నాడు. అని దగ్గాడు. ఆ దగ్గు ఆగడానికి కాస్త సమయం పట్టింది. “ఇసుక అయ్యుంటే ఈపాటికి లోపల రంపం కోసినట్టు ఉండేది.”

ఇసుక పేరెత్తితే అమ్మకు పడదు. నాన్న వయసులో ఉన్నప్పుడు వేరే చోట ముక్కుకి ఒక గుడ్డ కట్టుకుని పదేళ్లు ఇసుకతోనే కొట్టాడు. ఆ పదేళ్ల దుమ్ము ఇంకా ఆయన ఛాతీలోనే ఉందని డాక్టరు చెప్పాక, పోయినేడు అమ్మ ఇసుక బస్తాలు వీధిలో ఇల్లు కట్టుకునే వాళ్లకి ఇచ్చేసింది. పెంకు రవ్వ, తలంతా కప్పే ముసుగు అప్పుడే వచ్చాయి.

ఇంజన్ బతికింది. నేను దీపం కింద పెట్టేశాను. ఇక నేను చెప్పక్కర్లేదేమో అని ఒక క్షణం ఆశపడ్డాను.

“పని బాగానే చేసింది,” అన్నాడు నాన్న, అమ్మతో. తపాలా మళ్లీ తెరుచుకుంది. “మాట సంగతి వేరే. మిగిలింది పూర్తి చేసి, తర్వాత డిపోకి వెళ్లమను.”

అక్క గోడ దగ్గరికి నడిచింది. మేకు మీది గ్లవ్స్ తీసుకుంది. “ఈ ఒక్కసారికి,” అని మాత్రం అంది, గ్లవ్స్‌తో అన్నట్టు.

*

మూడోదాంట్లో సగం, నాలుగోది మొత్తం మిగిలి ఉన్నాయి. ముందు ప్లగ్గు బిగించారు. అమ్మ చెల్లిని వంటింట్లో కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేసింది. అక్క ముసుగు దించుకుంది. ఇనుప క్లిప్పు కారు చట్రానికి తగిలించింది. రవ్వ ఒరుసుకుంటే పుట్టే కరెంటు దాని గుండా పోతుంది, లేకపోతే పెట్రోలు అంటుకోవడానికి చిన్న మెరుపు చాలు. గేజి చూసి గాలి తగ్గించింది. పీల్చే గొట్టం నోరు సరిగ్గా అతికిందో లేదో వేలితో తడిమింది. ఇవన్నీ నాన్న నేర్పిన వరసలోనే, ఒక్కటి వదలకుండా చేసింది. నాన్న ఆ చేతులనే చూస్తున్నాడు.

తర్వాత ఆయన పానా పుల్లీకి తగిలించి తిప్పాడు. గుర్తు గుర్తుకి కలిసింది.

కంప్రెసర్ మొదలైంది.

“మూడోది పడుకుందా?” అని అక్క కేకేసింది.

నాన్న జవాబివ్వలేదు. నర్సమ్మగారి వైపు తిరిగాడు. “చూశారా, ఇలా అడగాలి. ఇలా అడిగితే నేను వినకుండా ఉంటానా? నిన్న అడిగిందంట, నేను చెప్పానంట.”

“మూడోది పడుకుందా?” ఈసారి అక్క గొంతు పగిలేలా అరిచింది.

వంటింటి తలుపు కిర్రుమంది. సందులోంచి చెల్లి తల బయటికి వచ్చింది, సగం వేసిన జడతో, పన్ను ఊడిన నోటితో.

“పడుకోలేదక్కా. లేచే ఉన్నా. నాకు నిద్ర రావట్లేదు. నిన్న పడుకున్నాను కదా.”

అదే సమయానికి గాలి నిండి కంప్రెసర్ టక్కున ఆగిపోయింది. ‘నిన్న పడుకున్నాను కదా’ అన్నది షెడ్డంతా వినపడింది.

నాన్న చేతిలో పానా గాల్లో ఆగింది. అక్క ముసుగు పైకెత్తింది. ముందు చెల్లిని చూసింది. తర్వాత కిటికీని చూసింది. ఆ కిటికీ దగ్గర నుంచి, కారు పక్కనే నిలబడ్డ నా దాకా, ఆమె చూపు మెల్లగా నడుచుకుంటూ వచ్చింది.

“నిన్న దీన్ని పడుకోబెట్టింది నువ్వే కదా?”

“నేనే,” అన్నాను.

“ఏమిటి?”

“నేనే. ‘పడుకుంది’ అన్నది కూడా నేనే. కిటికీలోంచి. నువ్వు చెల్లిని అడిగావనుకున్నాను.”

ఇంత పొడుగు మాట నేను ఒకేసారి ఎప్పుడూ మాట్లాడలేదు.

మొదట నర్సమ్మగారు నవ్వారు. ఆవిడ నవ్వు ఆపుకుందామని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు గానీ భుజాలు ఆగలేదు. అమ్మ గుమ్మంలోనే కూలబడింది. “ఓసి నీ మొహం మండ. నిన్నటి నుంచి ఈ మాట కడుపులో దాచుకుని నా చేత ఇంత తపాలా మోయించావా?”

అక్క నవ్వలేదు.

“నిన్న రాత్రి నా పక్కనే కదా పడుకున్నావు.”

“నువ్వు గోడ వైపు తిరిగి ఉన్నావు.”

“గోడ వైపు తిరిగితే నాకు చెవులుండవా? మూట కడుతుంటే చూస్తూ జడలు వేస్తున్నావే. నేను డిపోకి పోతే అప్పుడు ఉత్తరం రాసేదానివా?”

ముక్కు ఎగబీల్చాను.

“నన్ను అబద్ధాలకోరు అన్నారు,” అంది అక్క. “ఇంట్లో ఒక్కరైనా కాదనలేదు.”

ఈ మాట నాతో అన్నదే. తగలాల్సిన చోటు మాత్రం వేరే ఉంది.

నాన్న పానా కింద పెట్టాడు. లేచి, దుప్పటి దగ్గరికి వెళ్లి వంగాడు. అక్క వరసగా పేర్చిన స్పానర్లలోంచి ఒకటి ఏరి తీశాడు.

“పదో నంబరు నాది.”

“అన్నీ పట్టుకుపొమ్మన్నావుగా?”

“అది నీ మీద కోపంతో అన్న మాట. స్పానరు మీద నాకేం కోపం?” ఆయన దాన్ని పెట్టెలో వేశాడు. ఇంకొకటి తీశాడు. “ఇదీ నాదే.” ఇంకొకటి. “ఇది కూడా.”

“అది నాది నాన్నా. నేను తెచ్చుకున్నది.”

“ఉంటే ఉంది. పెట్టెలో పడి ఉంటే నష్టమేమిటి?”

దుప్పటి ఖాళీ అయ్యేదాకా ఆయన అలాగే ఏరాడు. ‘నాది పొరపాటు’ అనలేదు. ఆఖరి స్పానరు చేతిలో పట్టుకుని, అక్క ముఖం వైపు చూడకుండా, “నువ్వు విన్నావు. నిజంగానే విన్నావు,” అన్నాడు.

అక్క ముసుగు గబుక్కున దించుకుంది. దాని అద్దం లోపల ఆవిరి పట్టింది.

“ఏడిస్తే అద్దం మసకేస్తుంది,” అంది అమ్మ. “కనపడక ఈసారి నాలుగోదాంట్లో కొడుతుంది. తుడుచుకోమనండి.”

“నువ్వే చెప్పు,” అన్నాడు నాన్న.

“నేను చెప్పను. తపాలా నిజంగానే కట్టేశాను.”

*

నర్సమ్మగారు ఒక షరతు పెట్టారు. ఆవిడ కారు మీద ‘పడుకుంది’ అని ఉత్తినే అంటే కుదరదట. “మా దగ్గర అయితే ఒకరు చెప్పింది రెండోవాళ్లు తిరిగి పలకాలి. పలికాకే ముట్టుకోవాలి.”

“ముసుగులో ఉన్న మనిషికి ఎవరు పలికారో ఎలా తెలుస్తుంది?” అన్నాడు నాన్న.

చివరికి తేలింది ఇది. పానా ఎవరి చేతిలో ఉంటే వాళ్లే చెప్పాలి. ఉన్నచోటు నుంచి కాదు. లేచి వెళ్లి, అడిగినవాళ్ల భుజం మీద చెయ్యి వేసి చెప్పాలి. చెయ్యి పడకపోతే ఎన్ని గొంతులు పలికినా గన్ను నొక్కకూడదు.

నాన్న లేచి వెళ్లి అక్క భుజం మీద చెయ్యి వేశాడు. “మూడోది పడుకుంది.”

“లేదు,” అని వంటింట్లోంచి చెల్లి అరిచింది.

ఈసారి అక్క ముసుగులోంచి కూడా నవ్వు వినపడింది.

మసి రాలి గొట్టంలోకి గరగరమంటూ పోయింది. నాలుగోది అడిగినప్పుడు, “ఆ భయం లేదు, నాలుగోది మనింట్లో లేదు,” అంది అమ్మ. అయినా నాన్న లేచి వెళ్లి భుజం తట్టాడు. కెమెరా దించి చూస్తే వాల్వులు కొత్త గిన్నెల్లా ఉన్నాయి. అన్నీ బిగించేసరికి మూడు దాటింది. మాడిన అన్నం అందరూ షెడ్డులోనే నిలబడి తిన్నారు. నర్సమ్మగారు మారు వడ్డించుకున్నారు కూడా.

అమ్మ బొడ్లోంచి తాళం తీసి అక్క చేతిలో పెట్టింది.

అక్క తిప్పింది. ఇంజన్ ఒక్కసారి గొంతు సవరించుకుని అందుకుంది. దగ్గు లేదు, వణుకు లేదు. ఎవరో పక్క గదిలో నిదానంగా ఊపిరి తీస్తున్నట్టు ఉంది ఆ చప్పుడు. నాన్న బానెట్టు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని విన్నాడు. నేనూ ఇంకోవైపు చెయ్యి ఆనించాను.

నర్సమ్మగారు కారెక్కి అద్దం దించారు. నాన్న దగ్గరికి వెళ్లాడు. ఆవిడ నవ్వు ఆపి, ఆయన ఛాతీ వైపు చూపించి, గొంతు తగ్గించి రెండు మాటలు చెప్పారు. నాన్న తలూపాడు. ఏమిటో నాకు వినపడలేదు. “మర్చిపోకండి మేస్త్రిగారూ,” అన్న చివరి మాట మాత్రం వినపడింది.

కారు వీధి మలుపు తిరిగింది.

అక్క గ్లవ్స్ దులిపి మేకుకి తగిలించబోయింది. నాన్న మిషను పక్కనున్న మేకు మీంచి తన ముసుగు తీసేసి, “ఇక్కడ పెట్టుకో. ఇది దగ్గరగా ఉంటుంది,” అన్నాడు. ఆయన మేకు అది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయనదే. అక్క ఒక క్షణం ఆగి తగిలించింది. తర్వాత చెల్లిని చంకనెత్తుకుని, “పద మూడోదానా, నీ పన్ను ఎక్కడ పారేశావో వెతుకుదాం,” అంటూ లోపలికి వెళ్లిపోయింది. వెళ్తూ నా జడ ఒకసారి లాగింది. నొప్పి పుట్టేలాగే లాగింది. నాకు సంతోషమేసింది.

షెడ్డులో నేనూ నాన్నా మిగిలాం. నేను నీళ్లు తాగడానికి బిందె దగ్గరికి వెళ్లాను.

మంచినీళ్ల బిందె షెడ్డులోనే ఉంటుంది, వంటింటి కిటికీ కిందే. నేను చెంబు ముంచాను. ముంచి ఆగిపోయాను.

నిన్న నేను నిలబడింది ఈ బిందె పైనున్న కిటికీలోనే. అక్క అడిగినప్పుడు, నేను చెప్పినప్పుడు, ఇక్కడికి ఎవరూ రాలేదు. ఎవరు మాట అన్నారో, ఎవరు విన్నారో ఇవాళంతా తేల్చుకున్నారు. నాన్న పానా వదిలి ఎక్కడికి వెళ్లాడని మాత్రం ఎవరూ అడగలేదు.

“నాన్నా.”

“ఊఁ.”

“నిన్న నీళ్లు ఎక్కడ తాగావు?”

నా గొంతు పక్క బెంచీ దాటదు. అయినా ఆయనకు వినపడింది. ఆయన ముందు వంటింటి వైపు చూశాడు. లోపల అమ్మ, అక్క, చెల్లి ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు.

నాన్న ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. కూర్చోవడానికి పీట అంచు పట్టుకున్నాడు. నేల మీది పానా తీసి, గుడ్డతో పిడి తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. అప్పటికే అది శుభ్రంగా ఉంది.

“గోడ వెనక కాసేపు కూర్చున్నానంతే,” అన్నాడు. “పుల్లీ రెండుసార్లు తిప్పేసరికి ఊపిరి అందలేదు.”

పానాని నా చేతుల్లో పెట్టాడు. నేను అనుకున్నదానికన్నా బరువుగా ఉంది.

“రేపటి నుంచి తిప్పేది నువ్వు. భుజం తట్టి చెప్పేది కూడా నువ్వే. నెమ్మదిగా చెప్పినా చాలులే, చెయ్యి పడుతుంది కదా.”

“అమ్మ అడిగితే?”

ఆయన జవాబు చెప్పేలోపే వంటింటి తలుపు తెరుచుకుంది. అమ్మ నా చేతిలో పానా చూసింది. తర్వాత, ఖాళీగా ఉన్న నాన్న చేతుల్ని చూసింది.

“ఏమిటి సంగతి?” అంది.

నాన్న నా వైపు చూశాడు. పానా ఉన్నది నా చేతిలో. నేనే అమ్మ దగ్గరికి నడిచి, ఆమె భుజం మీద చెయ్యి వేశాను.